కదలని కన్ను

తొమ్మిదేళ్ళుగా రెండు ఇంగ్లీషు మాటలు నన్ను వదలడం లేదు. ‘పేషెంట్ మూవ్డ్.’ పేషెంటు కదిలారు. ఒక ఆపరేషన్ రిపోర్టులో నేను టైపు చేసిన మాటలవి. వాటి కింద నా పేరుంది, మా ప్రొఫెసర్ సంతకముంది. అబద్ధం మాత్రం నా ఒక్కడిదే.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకి చెబితే వాళ్ళు వెంటనే ఓదార్చే పనిలో పడతారు, నేనూ ఓదార్పు కోసమే చెప్పినట్టు అయిపోతుంది. మా ఆవిడకి రెండుసార్లు చెప్పబోయి ఆగిపోయాను. ఒకసారి కార్‌లో మొదలుపెట్టి, హైవే ఎగ్జిట్ రాగానే ఇంకేదో మాట్లాడాను. కోరి దాటేశానా, దారి చూసుకోవడంలో మరిచానా? కోరే దాటేశాను.

నా పేరు ఇక్కడ రాయను. ఆవిడ పేరు మార్చాను, సుభద్రమ్మ గారు అంటాను. వాళ్ళమ్మాయిని మాధవి అంటాను. ఏ హాస్పిటలో అడగకండి. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

నేను కంటి డాక్టర్ని. అమెరికాలో ఒక యూనివర్సిటీ హాస్పిటల్లో రోగుల్ని చూస్తూ, రెసిడెంట్లకి, అంటే ఈ విద్య నేర్చుకోవడానికి వచ్చిన డాక్టర్లకి, పాఠాలు చెబుతాను. నాకు రెండు కళ్ళూ కనిపిస్తాయి. కానీ రెండూ కలిసి పనిచేయవు. చిన్నప్పుడు మెల్లకన్ను ఉండేది. ఏడో ఏట గుంటూరులో ఆపరేషన్ చేయించారు. చూడ్డానికి కన్ను సరిగా వచ్చింది, మా అమ్మ సంతోషించింది. అయితే అప్పటికే నా మెదడు ఒక కంటితో సరిపెట్టుకోవడం నేర్చేసుకుంది. రెండు కళ్ళు చూసే రెండు బొమ్మల్ని మెదడు ఒకటిగా కలిపినప్పుడే మనిషికి లోతు సరిగ్గా తెలుస్తుంది. నాలో ఆ కలపడం లేదు. క్రికెట్‌లో చేతిలోకొచ్చిన క్యాచ్‌లు వదిలేసేవాణ్ణి. బద్ధకం అనేవాళ్ళు. నేనూ అదే అనుకున్నాను. మెడికల్ కాలేజీలో ఈ పాఠం చదివినరోజు నా గురించి పుస్తకంలో రాశారేమిటా అనిపించి పేజీ తిప్పేశాను.

మరి అన్నీ మానేసి కళ్ళ చదువే ఎందుకు? పంతమా? ఏమో. లోపం ఉన్నచోటే వేలు పెట్టి చూసుకోవాలనిపిస్తుంది కాబోలు. నిజానికి ఈ లోపంతో కంటి డాక్టరు కాకూడదని ఎక్కడా లేదు. ఈ విద్యలో చాలా శాఖలున్నాయి. కంటి వెనక తెర, అదే రెటీనా, చూసేవాళ్ళు వేరు, నల్లగుడ్డు పైపొర చూసేవాళ్ళు వేరు, కంటిలో ఒత్తిడి పెరిగే గ్లకోమా చూసేవాళ్ళు వేరు, పసిపిల్లల కళ్ళవాళ్ళు, రెప్పలకి కుట్లేసేవాళ్ళు వేరు. కత్తి పట్టకుండా చేసే పనీ ఉంది. కానీ ఏ శాఖకి వెళ్ళాలన్నా ముందు రెసిడెన్సీ పూర్తి చేయాలి, అందులో ప్రతివాడూ మైక్రోస్కోపు కింద శుక్లాల ఆపరేషన్లు చేసి తీరాలి. నాలాంటి వాడు ముందే చెబితే టీచర్లు వాడిని పక్కన కూర్చోబెట్టి ఎంతవరకు చేయగలడో చూస్తారు. చెప్పాలి, అంతే.

నేను చెప్పలేదు. బయటిదేశంలో డాక్టరు చదువు చదివినవాడికి ఇక్కడ కంటి రెసిడెన్సీ సీటు దొరకడం ఎంత కష్టమో ఈ దారిన వచ్చినవాళ్ళకి తెలుసు. సీటు లేకుండా మూడేళ్ళు పిల్లల కంటి క్లినిక్‌లో రీసెర్చ్ పేరిట పనిచేశాను. అక్కడ నా చేతికి రోజూ ఒక పుస్తకం ఇచ్చేవారు. తెరిస్తే ఒక పేజీ నిండా పెద్ద ఈగ బొమ్మ. ప్రత్యేకమైన కళ్ళజోడు పెట్టి చూస్తే, లోతు తెలిసే పిల్లలకి ఆ ఈగ రెక్కలు కాగితం మీంచి పైకి లేచి కనిపిస్తాయి. రెక్క పట్టుకోమంటే వాళ్ళు గాలిలో పట్టుకుంటారు. లోతు తెలియని పిల్లలు కాగితాన్నే తాకుతారు. పక్క పేజీలో గుండ్రాల వరసలు, ప్రతి వరసలో ఏది పైకి లేచిందో చెప్పాలి. మూడేళ్ళు ఆ జవాబులు పిల్లల కార్డుల్లో నింపాను. కంఠతా వచ్చేసింది.

రెసిడెన్సీలో చేరిన మొదటివారంలో కొత్తవాళ్ళని జంటలుగా కూర్చోబెట్టి, ఆ పరీక్షలన్నీ ఒకళ్ళ మీద ఒకళ్ళని చేయమన్నారు. పరికరాలు అలవాటు కావడానికి, అంతే. నా ముందుకు ఈగ పుస్తకం వచ్చింది. నాకు అది మామూలు కాగితం మీది ఈగ. నేను చెయ్యి చాపి, కాగితానికి రెండంగుళాల పైన, ఏమీ లేని గాలిలో, రెండు వేళ్ళతో రెక్క పట్టుకున్నాను. ఆ తర్వాత గుండ్రాలన్నీ గడగడా చెప్పేశాను. నా జతగాడు నా కార్డు మీద ‘నార్మల్’ అని రాశాడు. ఇవాళ వెనక్కి తిరిగి చూసుకుంటే, మిగిలినదంతా ఆ గాలిలోని రెండు వేళ్ళతోనే మొదలైంది.

చేతకాకుండానే ఆపరేషన్లు చేశానని అనుకోకండి. ఒక కంటితో సరిపెట్టుకునేవాడు లోతుని వేరే దారుల్లో కనిపెడతాడు. పనిముట్టు నీడ ఎక్కడ పడిందో, అంచు ఎంత స్పష్టంగా ఉందో, తగిలినప్పుడు కణజాలం ఎలా ముడుచుకుందో చూసి లెక్కగట్టేవాణ్ణి. పంది కళ్ళ మీద అందరికంటే ఎక్కువసేపు ప్రాక్టీసు చేశాను. చాలా ఆపరేషన్లు బాగానే జరిగాయి. మా ప్రొఫెసర్ నన్ను జాగ్రత్తపరుడని మెచ్చుకునేవారు. నాది జాగ్రత్త కాదు, భయం. అది ఆయనకి తెలియనివ్వలేదు.

సుభద్రమ్మ గారు కుడికంటి శుక్లం చూపించుకోవడానికి వచ్చారు. ఊళ్ళో బడిపిల్లలకి కుట్లు, అల్లికలు నేర్పిన టీచరు. రిటైరయ్యాక కూతురి దగ్గర ఉంటూ, తెలిసినవాళ్ళ పిల్లలకి పరికిణీలు, జాకెట్లు కుట్టిపెట్టేవారు. సూదిలో దారం ఎక్కడం లేదని, అదే ఆవిడ ఫిర్యాదు. నేను తెలుగులో పలకరించేసరికి ఆవిడ మొహం విప్పారింది. ఫోన్‌లో మాట్లాడే దుబాసీ అక్కర్లేదు, నేనే చెబుతానని ఆపించేశాను. అదీ నా గొప్పకే.

మత్తు ఇవ్వం, చుక్కలే వేస్తాం, ఇరవై నిమిషాలు కదలకుండా పడుకోవాలి అని చెప్పి పంపాను. ఆపరేషన్ రోజు ఉదయం ఆవిడ నవ్వుతూ ఒక మాట చెప్పారు. పది రోజులుగా భోజనమయ్యాక మొహం మీద తడిగుడ్డ వేసుకుని వెల్లకిలా పడుకుని, మాధవిని ఫోన్‌లో టైము పెట్టమని, కదలకుండా ఉండటం సాధన చేశారట. ముక్కు దురద పెట్టినా గోక్కోలేదట. చివరిరోజుకి నలభై నిమిషాలు ఉండగలిగారట. అంత అక్కర్లేదమ్మా అని నేనూ నవ్వాను.

శుక్లం ముక్కలు ముప్పాతిక వంతు తీసేశాను. లెన్స్ ఉండే సంచికి వెనక ఒక పొర ఉంటుంది, ఉల్లిపొర కన్నా పల్చన. అది చిరగకూడదు. మైక్రోస్కోపుకే ఉన్న పక్క కటకాల్లోంచి నా పని చూస్తున్న ప్రొఫెసర్‌ని నర్సు పిలిచింది, పెట్టాల్సిన లెన్స్ నంబరు సరిచూడమని. ఆయన తల తిప్పారు. నా పనిముట్టు కొన ఇంకా పైనే ఉందనుకున్నాను. లేదు. పొర చిరిగింది. మిగిలిన ముక్క కళ్ళముందే మెల్లగా కంటి వెనక్కి జారిపోయింది.

ఆయన మళ్ళీ చూపు ఆనించి, చూసి, చాలా మామూలుగా అడిగారు. పేషెంటు కదిలిందా? అని.

ఆ ప్రశ్న ఆయన అడక్కపోయి ఉంటే నేనేం చెప్పేవాణ్ణి? నన్ను నేను ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నానో. భాష రానివాళ్ళు కదులుతారని ఆయన అనుభవం, అందుకని అడిగారు. తలుపు ఆయన తీసిపెట్టారు, నేను దూరిపోయాను. అవునన్నాను. సరిగ్గా అప్పుడే గుడ్డ కిందనుంచి ఆవిడ పెదాలు మాత్రం కదిపి, అయిపోయిందా బాబూ అన్నారు. ఏమంటోంది అని ప్రొఫెసర్ అడిగారు. భయమేసి కదిలానంటోంది అని చెప్పాను. ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ ఆవిడా. ఆవిడకి ఇంగ్లీషు రాదు.

ఇంత చులాగ్గా అబద్ధం వస్తుందని నాకప్పటిదాకా తెలియదు. ఒక మాట అనడానికి ఎంత టైము పడుతుంది? నా సీటు, సీటుని పట్టుకుని వేలాడుతున్న వీసా, మూడేళ్ళ ఎదురుచూపు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయని చెబితే బాగుంటుంది, మీరు కొంచెం జాలిపడతారు. కానీ అవేవీ అప్పుడు గుర్తు రాలేదు. అడిగారు, అనేశాను. కారణాలు తర్వాత ఒక్కొక్కటిగా పోగుచేసుకున్నాను.

సాయంత్రం రికవరీ గదిలో ఆవిడ పక్కన కూర్చున్నాను. కంటికి కట్టు. ఆ మాటలు అప్పటినుంచి ఇప్పటిదాకా చెవిలో అలాగే ఉన్నాయి.

“ఏమైంది బాబూ? ఏదో ఇబ్బందయిందని మాధవి అంటోంది.”

“మధ్యలో మీరు కాస్త కదిలారమ్మా. దాంతో లోపల పొర దెబ్బతింది.”

“కదిలానా?” ఆవిడ కట్టు మీద వేళ్ళు ఆనించారు. “నేను కదల్లేదనుకున్నానే. బిగపట్టుకునే ఉన్నాను.”

“ఒక్కోసారి మనకే తెలియదమ్మా.”

“అంతేలే. నీకు తెలిసినట్టు నాకేం తెలుస్తుంది. చేజేతులా చేసుకున్నానన్నమాట. నీ పని చెడగొట్టాను బాబూ, ఏమనుకోకు.”

నాకు క్షమాపణ చెప్పారు. ఆవిడ, నాకు. నేను ఫర్వాలేదమ్మా అన్నాను. అన్నాను, నిజంగానే.

మైక్రోస్కోపుకి రికార్డరు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళం మా ఆపరేషన్లు మేమే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని తర్వాత చూసుకుంటాం. ఆరోజు బటన్ నొక్కడం మరిచిపోయానని చెప్పి పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నాను. ఇంటికి వెళ్ళి చూశాను. పొర చిరిగిన క్షణం ముందూ వెనకా పదిసార్లు తిప్పి చూశాను, ఎక్కడైనా కొంచెమైనా కదిలి ఉంటారేమోనని ఆశ. కన్ను స్క్రీన్ మధ్యలో పెట్టింది పెట్టినట్టే ఉంది. నలభై నిమిషాల సాధన. ఆ పెన్‌డ్రైవ్ ఎందుకు దాచానో, ఎందుకు చెరిపేయలేదో నాకు తెలియదు. ఎప్పటికైనా బయటపెట్టాలన్న మంచితనమేమో అని ఒకప్పుడు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. తొమ్మిదేళ్ళు డ్రాయర్‌లో పడున్న మంచితనం.

తర్వాత రెటీనా వాళ్ళు మళ్ళీ ఆపరేషన్ చేశారు. కొన్నాళ్ళకి రెటీనా ఊడింది, ఇంకోసారి చేశారు. చివరికి ఆ కంటికి ఎదురుగా పెట్టిన వేళ్ళు లెక్కపెట్టేంత చూపు మిగిలింది. రెసిడెన్సీ అయ్యాక నేను మెదడుకీ కంటికీ మధ్య నరాల జబ్బులు చూసే శాఖ ఎంచుకున్నాను. అందులో కత్తి ముట్టక్కర్లేదు. సర్జరీ ఇంత బాగా చేసేవాడు డబ్బు చూసుకోకుండా ఆలోచన ఎక్కువున్న శాఖకి వెళ్ళాడని అందరూ గౌరవించారు. ఆ గౌరవం కూడా తీసుకున్నాను. ఎవరికీ ఏమీ చెప్పకుండా నేను చేసిన ఒకే ఒక మంచిపని, మళ్ళీ ఎవరి కన్నూ కోయకపోవడం.

మాధవి వాళ్ళు ఫ్రిస్కో అనే ఊళ్ళో ఇల్లు కొనుక్కుని వెళ్ళారు, నేను వేరే రాష్ట్రానికి వచ్చాను. అయినా సుభద్రమ్మ గారు నన్ను వదల్లేదు. ఉగాదికి ఫోన్ చేస్తారు. మా పాపకి పట్టుపరికిణీ పంపారు, కానీ అది మాధవి చేత కుట్టించింది. గుడిలో, పార్టీల్లో కనిపించిన ప్రతివాళ్ళకీ చెబుతారట, డాక్టరుబాబు బంగారం, కదిలి కన్ను పోగొట్టుకుంది నేనే అని. ఎంతమందికి చెప్పారో. ఆ ఫోన్ వచ్చినప్పుడల్లా ముళ్ళ మీద నిలబడినట్టుండేది. తీసేవాణ్ణి, నవ్వేవాణ్ణి.

ఈ ఏడు మాధవి ఫోన్ చేసింది. ఎడమకంటికి శుక్లం బాగా ముదిరింది. మూడేళ్ళుగా డాక్టర్లు ఆపరేషన్ అంటున్నారు, ఆవిడ ఒప్పుకోవడం లేదు. “నేను మళ్ళీ కదుల్తాను, ఉన్న కన్ను కూడా పోతుంది అంటోంది అన్నయ్యా. ఎంత చెప్పినా వినట్లేదు. నువ్వు చెబితే వింటుంది,” అంది. అంతటితో ఆగలేదు. వాళ్ళమ్మకి అసలు తన ఒంటి మీద నమ్మకమే పోయిందట. పసివాళ్ళని ఎత్తుకోవడం మానేశారట, చెయ్యి ఎప్పుడు కదులుతుందో తెలియదని. కూరలు తరగరట. మిషన్ మీద దుప్పటి కప్పేసి ఏడేళ్ళయిందట.

నాకు తెలియదు ఇదంతా. కన్ను ఒక్కటే పోగొట్టాననుకున్నాను.

అప్పుడైనా చెప్పానా? లేదు. పూర్తి మత్తు ఇచ్చి చేయించమన్నాను. నిద్రపుచ్చితే కదిలే ప్రశ్నే ఉండదు కదా అని ధైర్యం చెప్పాను. ఎంత తెలివైన సలహా. నా అబద్ధాన్ని కదపకుండా ఆవిడ కన్ను బాగుచేసే ఉపాయం. వారం తర్వాత మాధవి మళ్ళీ ఫోన్ చేసింది. గుండె బలహీనంగా ఉంది, మత్తు ఇవ్వడం ప్రమాదమన్నారట. చుక్కలతోనే చేయాలి. ఆవిడ ససేమిరా అంటున్నారు. రెండుమూడు నెలలు ఆగితే ఇంట్లో కూడా తడుముకోవాలి.

అది జులై నెల, కొత్త రెసిడెంట్లు వచ్చారు. మొదటివారం పరీక్షలు ఇప్పుడు నేనే చేయిస్తాను. ఈగ పుస్తకం తెరిచి ఒకమ్మాయి ముందు పెట్టాను. ఆమె కళ్ళజోడు సర్దుకుని, చూసి, చాలా తేలిగ్గా, నాకేం పైకి లేవడం లేదు, ఎప్పుడూ లేవదు అంది. వేలు తీసుకెళ్ళి కాగితం మీద పెట్టింది. ఏ పిడుగూ పడలేదు. ఏ శాఖలకి పనికొస్తుందో, సర్జరీ నేర్పేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలో రాసుకున్నాం, ఆమె తర్వాతి గదికి వెళ్ళింది. నేను బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు మొహం కడుక్కున్నాను. ఇంతేనా? నేను చెప్పినా ఇంతేనా జరిగేది?

శనివారం ఫ్రిస్కో వెళ్ళాను. ఇంట్లో పిల్లలంతా ఏవో క్లాసులకి పోయారు, మాధవి పైన ఆఫీస్ కాల్‌లో ఉంది. సుభద్రమ్మ గారు నాకు కాఫీ పోశారు. ముందు చూపుడువేలు కప్పు అంచున పెట్టి, దానికి ఆనించి గిన్నె వంచారు. అయినా కాస్త ఒలికి నేల మీద పడింది. ఒంటికంటివాడి అలవాటు అది, చిన్నప్పుడు నేను మంచినీళ్ళు అలాగే పోసుకునేవాణ్ణి. నాకు లేని లోతు ఆవిడకీ లేకుండా చేశాను. అది చూశాక ఇంకేం ఆలోచించలేదు. చెప్పేశాను. ఈగ దగ్గర్నుంచి పెన్‌డ్రైవ్ దాకా.

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. మీరు ఎదురుచూసేది అదే అయితే నన్ను క్షమించనూ లేదు. నేల మీది కాఫీ గుడ్డతో తుడిచారు. తుడిచి, మెట్ల దగ్గరికి వెళ్ళి మాధవిని పిలిచారు. “ఇందాకటిది ఇంకోసారి చెప్పు, మాధవి కూడా వినాలి,” అన్నారు. ఇంకోసారి చెప్పాను. మొదటిసారికన్నా రెండోసారి కష్టం. మాధవి నన్ను అన్నయ్యా అని పిలవలేదు. కార్ తాళాలు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

సుభద్రమ్మ గారు అడిగిన ప్రశ్న ఒక్కటే.

“అంటే నేను కదల్లేదా?”

“లేదమ్మా.”

“నాకు తెలుసు,” అన్నారు. “నాకు తెలుసు. నువ్వు చెప్పావని నమ్మాను.”

ఆ తర్వాత లోపలికి వెళ్ళి, పిల్లల డ్రాయింగ్ కాగితం ఒకటి, నల్ల మార్కరు ఒకటి తెచ్చి నా ముందు పెట్టారు. ఇంగ్లీషులో రాశావుగా, ఇప్పుడు తెలుగులో రాయి, నాకు కనబడేట్టు పెద్దగా రాయి అన్నారు. రాశాను. నా తెలుగు అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి, ఆవిడ పట్టించుకోలేదు. కింద పేరు పెట్టమన్నారు. పెట్టాను. కాగితాన్ని ఎడమకంటికి ఆనించినంత దగ్గరగా పట్టుకుని అక్షరం అక్షరం పైకి చదివారు. పట్టుకున్న చెయ్యి నిలకడగా ఉంది.

హాస్పిటల్‌కి పెన్‌డ్రైవ్, ఉత్తరం పంపాను. మా ప్రొఫెసర్‌కి విడిగా రాశాను. ఇంకా ఎవరి దగ్గర్నుంచీ ఏమీ రాలేదు. రోజుకి నాలుగుసార్లు ఈమెయిల్ చూస్తాను. నా లైసెన్స్ ఉంటుందో పోతుందో తెలియదు. ఆవిడ ఆపరేషన్‌కి ఒప్పుకున్నారో లేదో కూడా తెలియదు, అడిగే హక్కు నాకు లేదు. నిద్ర సరిగా పట్టడం లేదు. అయితే ఒకటి చెప్పాలి. ఇన్నేళ్ళూ ఎవరైనా ‘కదలకండి’ అన్నప్పుడల్లా, క్లినిక్‌లో రోజుకి పదిసార్లు ఆ మాట వినపడుతుంది, తల పక్కకి తిప్పుకునేవాణ్ణి. ఇప్పుడు తిప్పుకోవడం లేదు. అంతకు మించి ఊరట అడగను.

నేను బయల్దేరుతుంటే ఆవిడ ఆ కాగితాన్ని తీసుకెళ్ళి ఫ్రిజ్ తలుపు మీద, పిల్లల స్కూల్ క్యాలెండర్ పక్కన, రెండు అయస్కాంతాలతో అంటించారు. వచ్చేపోయే వాళ్ళందరికీ కనబడేచోటు. ‘సుభద్రమ్మ గారు కదల్లేదు. కదిలారని నేను అబద్ధం చెప్పాను.’ అక్కడ ఆవిడ అసలు పేరే ఉంది. నేనిక్కడ రాయలేకపోయిన నా పేరు కూడా ఉంది.